మద్య విముక్తి సమావేశాలు: చేరు మార్గం, గోప్యత

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో మద్యం మానదలచినవారు ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాల గురించి ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల మానసిక వైద్య విభాగాలలోను, జాతీయ సహాయవాణి 14446, టెలిమానస్ 14416 నంబర్లకు ఫోను చేసి కూడా విచారించవచ్చును.

1935లో అమెరికాలోని అక్రాన్‌లో ఇద్దరు బాధితులు ప్రారంభించిన ఈ సంఘం 1957లో బొంబాయిలో అడుగుపెట్టింది. రుసుము లేదు, మానాలనే కోరికే అర్హత. కొన్ని సమావేశాలు బాధితులకే పరిమితం, కొన్నింటికి ఎవరైనా రావచ్చును. అందువలన ఏ తరహాదో, స్థలం, వేళ మారినవేమో ముందే ఫోనులో నిర్ధారించుకోవలెను. పలాస నుంచో బొబ్బిలి నుంచో బస్సు ఛార్జీ పెట్టుకుని వచ్చినవారు మూసిన తలుపు చూసి వెనుదిరిగితే మరల వస్తారన్న నమ్మకం లేదు. దూరప్రాంతాల వారికి ఆన్‌లైన్ సమావేశాలు సైతం కలవు.

అయితే ఏళ్ల తరబడి రోజూ తాగినవారు ఒక్కసారిగా మానినచో చేతుల వణుకుతో మొదలై, తొలి రెండు మూడు రోజులలోనే మూర్ఛ, మతిభ్రమణం కలిగి ప్రాణాపాయం ఏర్పడవచ్చును. వీరిని ముందుగా ఆసుపత్రిలో చూపించవలెను. సమావేశం చికిత్సకు ప్రత్యామ్నాయం కాదు.

సభ్యుల గోప్యత ఈ సంఘానికి ప్రాణం. కనుక అధికారులు హాజరు జాబితాలు కోరరాదు. పాత్రికేయులు పేర్లు, ఫొటోలు ప్రచురించరాదు. చిన్న ఊరిలో మనిషిని గుర్తుపట్టడానికి వృత్తి, వీధి పేరు చాలును. కుటుంబ సభ్యులకు ఆల్-అనాన్ సమావేశాలు వేరుగా ఉంటాయి.