పనిచోట సిగరెట్ పొగ: సర్దుకుపోనక్కర్లేదు, చట్టం మన వైపే ఉంది

పనిచోట పక్కవాళ్లు సిగరెట్ వెలిగిస్తే మనలో చాలామంది మొహం పక్కకి తిప్పుకుని సర్దుకుపోతాం. సూపర్‌వైజరే తాగుతుంటే ఇక నోరెత్తం. కానీ మన షామ్‌బర్గ్‌లో, మొత్తం ఇల్లినాయ్ రాష్ట్రంలో 2008 జనవరి 1 నుంచి 'స్మోక్ ఫ్రీ ఇల్లినాయ్' చట్టం అమల్లో ఉంది. జీతం, ఓవర్‌టైమ్ లాగే పొగ లేని పనిచోటు కూడా పనివాళ్ల హక్కే.

చట్టం ఏం చెబుతోంది?

ఆఫీసులు, హోటళ్లు, షాపులు, గోడౌన్లు, బ్రేక్ రూములు, బాత్‌రూములు, ఇలా నాలుగు గోడల మధ్య ఉండే పనిచోట్లలో పొగ తాగకూడదు. తలుపులకి, తెరుచుకునే కిటికీలకి, గాలి లోపలికి లాగే గొట్టాలకి 15 అడుగుల లోపు కూడా తాగకూడదు. అంటే సుమారు ఆరు అంగల దూరం. హోటల్ కిచెన్ వెనక తలుపు దగ్గర నిలబడి తాగడం కూడా తప్పే. 2024 జనవరి 1 నుంచి ఈ-సిగరెట్లకీ, వేపింగ్‌కీ ఇదే రూలు.

'పొగ తాగరాదు' అనే బోర్డు పెట్టాల్సింది, యాష్‌ట్రేలు తీసేయాల్సింది యజమానే. రూలు తప్పితే తాగినవాళ్లకి 100 నుంచి 250 డాలర్ల జరిమానా. యజమానికి మొదటిసారి 250, ఏడాది లోపు రెండోసారి 500, ఆపైన ప్రతిసారీ 2500 డాలర్లు.

కన్‌స్ట్రక్షన్ పనిలో

సైట్ ఆఫీసుగా వాడే ట్రైలర్‌కి ఈ చట్టం వర్తిస్తుంది. ఆరుబయట సైట్‌కి మాత్రం ఆ 15 అడుగుల రూలు తప్ప ఇంకేమీ వర్తించదు. అయితే అక్కడ మరో రక్షణ ఉంది. కార్మికుల భద్రత చూసే కేంద్ర సంస్థ ఓషా రూల్స్ ప్రకారం, నిప్పు అంటుకునే ప్రమాదం ఉన్న పని దగ్గర పొగ తాగడం నిషేధం. ఆ సంగతి బోర్డు మీద కనబడేలా రాయాలి కూడా.

పాత బిల్డింగులు కూల్చే పనికి వెళ్లేవాళ్లు ఇంకో మాట గుర్తుంచుకోవాలి. ఆస్‌బెస్టాస్ ధూళి పీల్చేవాళ్లకి సిగరెట్ అలవాటు కూడా ఉంటే, ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

ఇళ్లలో పనిచేసేవాళ్లకి

ఇక్కడే చట్టంలో పెద్ద ఖాళీ ఉంది. సొంత ఇల్లు ఈ చట్టం కిందికి రాదు. లైసెన్స్ తీసుకుని ఇంట్లోనే డేకేర్ నడిపితే మాత్రం వస్తుంది. 2017 నుంచి ఇల్లినాయ్‌లో ఇంటిపనివాళ్ల హక్కుల చట్టం కనీస వేతనం ఇప్పిస్తోంది, లైంగిక వేధింపుల నుంచి కాపాడుతోంది. ఇంట్లో పొగ గురించి మాత్రం దాంట్లో ఏమీ లేదు.

కాబట్టి పనిలో చేరకముందే అడిగేయండి: "నేను పనిలో ఉన్నంతసేపు ఇంట్లో ఎవరూ సిగరెట్ తాగకుండా చూస్తారా అండీ?" ఒప్పుకుంటే ఆ మాట ఫోన్‌లో మెసేజ్‌గా పెట్టించుకోండి. "కిటికీ తీస్తాంలే" అంటే సరిపోదు. పక్కవాళ్ల పొగ ఎంత కొంచెమైనా హానికరమేననీ, గాలి ఆడించినంత మాత్రాన అది పోదనీ అమెరికా సర్జన్ జనరల్ 2006లోనే తేల్చిచెప్పారు. గర్భిణులూ, ఆస్తమా ఉన్నవాళ్లూ ఈ విషయంలో అసలు మొహమాటపడొద్దు.

మరి ప్రకటనల సంగతి?

అమెరికాలో 1971 నుంచి టీవీ, రేడియోల్లో సిగరెట్ ప్రకటనలు లేవు. 1998లో రాష్ట్రాలకీ సిగరెట్ కంపెనీలకీ కుదిరిన ఒప్పందంతో రోడ్ల మీది పెద్ద బోర్డులూ పోయాయి. మన దేశంలో 2003 చట్టం ఈ ప్రకటనల్ని నిషేధించింది. అయినా ఇక్కడి గ్యాస్ స్టేషన్ కౌంటర్ మీద అవి ఇంకా కనిపిస్తూనే ఉంటాయి. బ్రేక్‌లో కాఫీ కోసం వెళ్లేది మనం అక్కడికే. మానేద్దామనుకునేవాడి కళ్లకి మొదట కనిపించేది ఆ పోస్టరే. గుట్కా, ఖైనీకి పొగ లేదు కాబట్టి స్మోక్ ఫ్రీ చట్టం వాటికి వర్తించదు. నోటి క్యాన్సర్ ముప్పు మాత్రం ఎక్కడికీ పోదు.

ఫిర్యాదు ఎలా?

1. ముందు సూపర్‌వైజర్‌కి మర్యాదగా చెప్పండి. కుదిరితే మెసేజ్ పెట్టండి.

2. తేదీ, టైము, చోటు రాసిపెట్టుకోండి.

3. మార్పు లేకపోతే రాష్ట్ర ఆరోగ్య శాఖ నంబరు 866-973-4646కి ఫోన్ చెయ్యండి. కౌంటీ ఆరోగ్య శాఖకి గానీ, పోలీసులకి గానీ కూడా చెప్పొచ్చు.

ఫిర్యాదు ఎవరైనా చెయ్యొచ్చని చట్టంలోనే ఉంది. ఈ చట్టం ఇచ్చిన హక్కు వాడుకున్నారన్న కారణంతో మీ మీద ఏ రకమైన వివక్షా చూపకూడదని కూడా ఉంది. ఫిర్యాదు తర్వాత పని గంటలు తగ్గించినా, పనిలోంచి తీసేసినా ఆ రోజే రాసిపెట్టుకుని, కార్మిక హక్కుల లాయర్‌ని కలవండి.

అలవాటు మీకే ఉంటే, ఇల్లినాయ్ క్విట్‌లైన్ 866-784-8937కి చెయ్యండి. ఉచితంగా సలహా ఇస్తారు. ఇంగ్లీషు ఇబ్బందైతే తెలుగు అనువాదకులు కావాలని అడిగి చూడండి.

ఈ కాగితం చదివాక మీ రూమ్మేట్లకీ, పనిలో తోటివాళ్లకీ ఇవ్వండి.