రొయ్యల పెంపకమున మేలు చేయు వైరసులు

వైరసు అను మాట వినగానే తీరాంధ్రపు రొయ్యల రైతు గుండె గుభేలుమనును. 1994 మొదలుకొని తెల్లమచ్చల వైరసు చెరువులను ఎట్లు తుడిచిపెట్టెనో వారు మరువలేదు. ఆ జాతిలోనే రొయ్యను తాకక, రొయ్యను చంపు బాక్టీరియాను మాత్రమే చంపునవి కలవనిన నమ్మశక్యము కాదు. బాక్టీరియోఫేజులు అట్టివే.

1896లో ఆగ్రాయందు హాంకిన్ అను శాస్త్రజ్ఞుడు గంగా యమునా జలములకు కలరా క్రిములను నశింపజేయు గుణము కలదని ప్రకటించెను. 1915లో ట్వార్ట్, 1917లో డి హెరెల్ దాని వెనుకనున్న సూక్ష్మశక్తిని కనుగొనిరి. కనుక మన నదులకు ఇవి క్రొత్త చుట్టములు కావు.

ఫేజు తనకు తగిన బాక్టీరియాను అంటుకొని, తన జన్యుపదార్థమును దానిలోనికి జొనుపును. ఆ కణమే ఫేజులను తయారుచేయు కర్మాగారమై, తుదకు పగిలిపోవును. వెలువడిన ఫేజులు మరల వేటకు పోవును. వేటాడ బాక్టీరియా లేనిచో క్రమముగా తగ్గిపోవును.

రొయ్యపిల్లల హేచరీలలో విబ్రియో హార్వేయి అను బాక్టీరియా ప్రబలినచో, చీకటిలో పిల్లలు మెరయుచు కుప్పలుగా చచ్చును. చూచుటకు సుందరముగా నుండు మృత్యువది! పూర్వము రైతులు యాంటీబయోటిక్కులను కుమ్మరించిరి. బాక్టీరియా వాటికి అలవాటుపడెను; ఎగుమతి సరకులో అవశేషములు బయటపడి తిరస్కృతులు కలిగెను. 2002లో భారత ప్రభుత్వము క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు మొదలగువానిని నిషేధించెను. పిమ్మట మంగళూరు మత్స్య కళాశాల శాస్త్రజ్ఞులు ఫేజులను పరీక్షించి 2006లో ఫలితములు ప్రకటించిరి. ప్రయోగశాలలో వ్యాధి సోకిన పిల్లలు ఫేజు కలిపిన నీటిలో సుమారు 80 శాతము బ్రతుకగా, కలుపని నీటిలో 25 శాతమే మిగిలినవి.

అయినను తొందరపాటు తగదు. ఒక్కొక్క ఫేజు కొన్ని రకముల బాక్టీరియానే ఎరుగును; అందుచే పలు ఫేజుల మిశ్రమము కావలెను. కొన్ని ఫేజులు బాక్టీరియాను చంపక దానిలో దాగి, విషగుణమును పెంచును. అట్టివానిని ముందుగనే ఏరివేయవలెను. తెల్లమచ్చ వైరసు వ్యాధి గనుక, దానికి ఈ మందు పనికిరాదు. ఈ మాట చెప్పక ఫేజులమ్ము వర్తకుని నమ్మరాదు.

మన పోచంపల్లి వైపు సముద్రము లేదు. బారూరు చెరువు, కృష్ణగిరి జలాశయము మంచినీటివి. మంచినీటి చేపలకు పుండ్లు కలిగించు ఏరోమోనాసు వేరు బాక్టీరియా, దానికి ఫేజులును వేరే. హేచరీ తొట్టిలో నెగ్గిన వైద్యము విశాలమైన చెరువులో, వానకు వరదకు మారు నీటిలో, అంతగా నెగ్గునా యనునది ఇచ్చటి నీటిలోనే పరీక్షించి తేల్చవలసిన సంగతి.