అన్నమంటే భయమా? ఆటతో తోడుండండి

గోదావరి జిల్లాల వాళ్ళకు పెట్టడమంటే మహా సరదా. విస్తరి ముందు కూర్చున్నవాళ్ళు చాలు చాలంటున్నా ఇంకో గరిటె వడ్డిస్తేనే గాని మనసు ఊరుకోదు. అలాంటి ఇంట్లో పదహారేళ్ళ పిల్ల కంచం చూసి బెదిరిపోతుంటే పెద్దలకు ఏం చెయ్యాలో తోచదు. కొందరు పొగరంటారు. కొందరు దిష్టి తీస్తారు.

అది పొగరూ కాదు, దిష్టీ కాదు, జబ్బు. లావైపోతానన్న భయంతో కడుపు మాడ్చుకోవడాన్ని అనొరెక్సియా నెర్వోసా అంటారు. ఇంగ్లండులో విలియం గల్ అనే వైద్యుడు 1870లలోనే దానికా పేరు పెట్టాడు. ఆత్రంగా బోలెడంత తినేసి, వెంటనే వాంతి చేసుకోవడం బులీమియా. ఇవి మగపిల్లలకూ వస్తాయి.

మొదట డాక్టరుకు చూపించండి. బరువు, నాడి, రక్తంలో పొటాషియం పరీక్షించాలి. చాలాకాలం పస్తులున్న పిల్లకు ఒక్కసారిగా దండిగా పెట్టెయ్యకండి. రక్తంలో లవణాలు పడిపోయి గుండెకే ముప్పు రావచ్చు. ఎంత పెట్టాలో, ఎలా పెంచాలో డాక్టరే చెప్పాలి.

మరి ఆట దేనికి? ఈ జబ్బు పడ్డవాళ్ళలో చాలామంది ఏ పనిలోనూ చిన్న తప్పు కూడా దొర్లకూడదని తపించేవాళ్ళు. ఆటలో తప్పు చేస్తే కొంప మునగదు, నవ్వొస్తుంది. తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క కథ మధ్యలో దూరి అప్పటికప్పుడు మాటలు అల్లుతారు కదా! వియన్నాలో మొరెనో అనే వైద్యుడు 1920లలో ఇలాంటి ఆశునాటకాలే ఆడించి, తర్వాత వాటిని మనోవ్యాధుల చికిత్సకు మలిచాడు.

ఇంట్లో మీరు చెయ్యదగినవి ఇవి:

1. భోజనం అయిన తర్వాత అరగంట చాలా కష్టకాలం. తిన్నందుకు మనసు పీకుతుంది, కాళ్ళు స్నానాలగది వైపు లాగుతాయి. అప్పుడు అష్టాచెమ్మా పరవండి. లేదా తలా ఒక్క వాక్యం చెబుతూ కథ అల్లండి. ఎవరేమన్నా కాదనకుండా అందుకోవడమే నియమం.

2. "తినకు, లావైపోతావు" అనే ఆ లోపలి గొంతుకు ఓ పేరు పెట్టి, వేషం కట్టమనండి. మీరు కేతిగాడై దానితో వాదించండి. వెక్కిరింత జబ్బుకే, పిల్లకు కాదు.

3. కాస్త తేరుకున్నాక చెల్లెళ్ళతో గుజ్జనగూళ్ళు ఆడనివ్వండి. లక్కపిడతల్లో ఉత్తుత్తి వంట వండి బొమ్మలకు పెట్టే చేతికి అన్నమంటే బెదురు కొంత తగ్గవచ్చు.

వద్దంటే వదిలెయ్యండి. బలవంతం చేస్తే అది ఆటే కాదు. గెంతులు, పరుగులు డాక్టరు ఒప్పుకునేదాకా వద్దు. "చిక్కిపోయావు", "ఒళ్ళు చేశావు" అనే మాటలు చుట్టాల నోట కూడా రానివ్వకండి. ఆడుకుంది కదా అని ఆ పూట భోజనం తప్పించకండి. తిండీ వైద్యమూ అసలు మందు, ఆట తోడు మాత్రమే.

కళ్ళు తిరిగి పడిపోయినా, గుండె దడదడలాడినా, నీళ్ళు కూడా వద్దన్నా, చచ్చిపోతానన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. మనసు విప్పి మాట్లాడుకోవడానికి టెలి మానస్ 14416 రాత్రింబగళ్ళు ఉచితంగా పలుకుతుంది. ఈ జబ్బు నయమవుతుంది. నెలలు పట్టవచ్చు, ఏళ్ళూ పట్టవచ్చు. ఓపిక పట్టండి.