మొదటి పెయింట్‌బాల్ గన్ కొంటున్నారా? ముందు మాస్క్ కొనండి, గన్ సంగతి తర్వాత

హైదరాబాద్ నుంచి చదువుకో, ఉద్యోగానికో అమెరికా వెళ్లిన కుర్రాళ్లకు వీకెండ్‌లో దోస్తులతో పెయింట్‌బాల్ ఆడటం మామూలే. రెండు మూడు సార్లు అద్దె గన్‌తో ఆడాక చాలామందికి సొంత గన్ కొనాలనే షౌక్ పుడుతుంది. షాపుకు వెళ్తే 100 డాలర్ల నుంచి వెయ్యి డాలర్లు దాటినవి కూడా కనిపిస్తాయి. ఏది తీసుకోవాలో అర్థం కాదు. కంగారులో ఖరీదైన గన్ కొని, కళ్లను కాపాడే మాస్క్ మాత్రం చవకది తెచ్చుకుంటారు. అసలు తప్పు అక్కడే జరుగుతుంది.

ఒక్క షాట్ కాల్చకుండా గెలిచారు

ఈ ఆట 1981 జూన్ 27న అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం, హెన్నికర్‌లో మొదలైంది. 12 మంది అడవిలోకి దిగి జెండాల కోసం పోటీపడ్డారు. అడవుల్లో చెట్లకు, పశువులకు రంగు గుర్తు వేయడానికి వాడే నెల్‌స్పాట్ 007 గన్‌లే వాళ్ల చేతుల్లో ఉన్నాయి. అందుకే ఈ గన్‌ను ఇప్పటికీ 'మార్కర్' అంటారు. ఆ రోజు గెలిచిన రిచీ వైట్ ఒక్క షాట్ కూడా కాల్చలేదు. అంటే మొదటి ఆటను గెలిపించింది గన్ కాదు, ఓపిక, నక్కి కదలడం. కొత్తగా ఆడేవారు ఈ మాట గుర్తుంచుకుంటే జేబుకు మంచిది.

గన్ ఎలా పనిచేస్తుంది?

పైన ఉండే డబ్బాను హాపర్ అంటారు. అందులోంచి రంగు గోళీ కిందకు జారుతుంది. ట్రిగ్గర్ నొక్కగానే ట్యాంకులోని గాలి ఒత్తిడి ఆ గోళీని గొట్టంలోంచి బయటకు తోస్తుంది. మామూలు గోళీ సైజు 0.68 అంగుళాలు. బరువు సుమారు 3 గ్రాములు. చాలా మైదానాల్లో వేగం సెకనుకు 300 అడుగులు మించకూడదు. ఆటకు ముందు క్రోనోగ్రాఫ్ అనే యంత్రంతో గన్ వేగం కొలుస్తారు. పిల్లల కోసం దెబ్బ తక్కువగా తగిలే 0.50 సైజు గన్‌లు వేరుగా ఉంటాయి.

గన్‌లు ముఖ్యంగా మూడు రకాలు. పంప్ గన్‌లో ప్రతి షాట్‌కూ చేత్తో లాగాలి. మెకానికల్ గన్‌లో ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక గోళీ వెళ్తుంది, బ్యాటరీ అవసరం లేదు. ఎలక్ట్రానిక్ గన్ చాలా వేగంగా కాలుస్తుంది. కానీ బ్యాటరీ కావాలి, మెయింటెనెన్స్ ఎక్కువ, గోళీలు కూడా నీళ్లలా ఖర్చవుతాయి. కొత్తవారికి మెకానికల్ చాలు. టిప్‌మన్ 98 లాంటివి ఏళ్ల తరబడి అద్దె గన్‌లుగా దెబ్బలు తిన్నా పనిచేస్తూనే ఉంటాయి. ఇంకొంచెం పెట్టగలిగితే ప్లానెట్ ఎక్లిప్స్ ఈమెక్ లాంటివి ఉన్నాయి.

గాలి విషయంలో రెండు దారులు ఉన్నాయి. కార్బన్ డయాక్సైడ్ ట్యాంకు చవక. అయితే చలిలో ఒత్తిడి పడిపోతుంది, షాట్ ఒక్కోసారి ఒక్కోలా వెళ్తుంది. హై ప్రెషర్ ఎయిర్ ట్యాంకులో ఒత్తిడి నిలకడగా ఉంటుంది. ఈమెక్ లాంటి గన్‌లకు అదే వాడాలి. సెకండ్ హ్యాండ్ ట్యాంకు కొనేటప్పుడు దాని మీద ముద్రించిన టెస్ట్ తేదీ చూడాలి. ఈ ట్యాంకులకు సాధారణంగా 5 ఏళ్లకోసారి పరీక్ష చేయించాలి. గడువు దాటిన ట్యాంకును మైదానంలో నింపరు.

లెక్క వేసుకోండి

మెకానికల్ గన్ 150, మంచి మాస్క్ 60, చిన్న అల్యూమినియం ట్యాంకు 60, హాపర్ 15 డాలర్లు అనుకుందాం. మొత్తం 285. సామాను అద్దెకు తీసుకుంటే ప్రతిసారీ 20 డాలర్లు అదనంగా పడుతుందనుకుంటే, పెట్టిన డబ్బు తిరిగి రావాలంటే కనీసం 15 సార్లు ఆడాలి. ఏడాదికి మూడుసార్లు ఆడేవారికి అద్దె గన్‌లోనే ఫాయిదా. సొంత గన్ ఉన్నా ఎంట్రీ ఫీజు, గోళీల ఖర్చు తప్పవు. చాలా మైదానాల్లో వాళ్ల దగ్గర కొన్న గోళీలే వాడాలనే రూలు ఉంటుంది. కాబట్టి బయట చవకగా కొని మిగుల్చుకోవచ్చనే ఆశ పెట్టుకోవద్దు.

అద్దె గన్‌తో సరిపెట్టుకున్నా మాస్క్ మాత్రం సొంతానిది ఉండటం మేలు. పెయింట్‌బాల్ కోసమే తయారైన, ఏఎస్‌టీఎమ్ ప్రమాణం ఉన్న మాస్క్ తీసుకోవాలి. బైక్ గాగుల్స్, ల్యాబ్ అద్దాలు పనికిరావు. ఆ వేగంతో వచ్చే గోళీ కంటికి తగిలితే చూపు పోవచ్చు. రెండు పొరల థర్మల్ లెన్స్ ఉంటే ఆవిరి పట్టడం తగ్గుతుంది. ఆవిరి పట్టిందనో, చెమట పోసిందనో మైదానంలో మాస్క్ ఎత్తితేనే ప్రమాదం. కళ్లద్దాలు వాడేవారు వాటిపైనే పెట్టుకుని సరిచూసుకోవాలి. హిజాబ్ వేసుకునే అమ్మాయిలు పిన్నులు లేకుండా బిగుతుగా కట్టుకుని, దానిపై మాస్క్ పట్టీ జారకుండా ఉందో లేదో చూసుకోవాలి.

మన పాఠకులు అడిగే ఇంకో విషయం గోళీ గురించి. దాని పైపొర సాధారణంగా జిలెటిన్‌తో చేస్తారు. అది పంది నుంచి తీసింది కావచ్చు, పశువుల నుంచి తీసింది కావచ్చు. తినే వస్తువు కాకపోయినా బట్టలకు అంటుకుంటుంది. నమాజు విషయంలో సందేహం ఉన్నవారు తయారీదారుని అడిగి తెలుసుకుని, మస్లా కోసం ఆలిమ్‌ను సంప్రదించడం మంచిది.

మైదానం బయట అది 'గన్'లాగే కనిపిస్తుంది

ఈ ఒక్క విషయం మాత్రం షాపువాళ్లు చెప్పకపోవచ్చు. 2014 నవంబర్‌లో క్లీవ్‌లాండ్‌లో బొమ్మ తుపాకీ పట్టుకున్న 12 ఏళ్ల తమీర్ రైస్‌ను పోలీసులు నిజమైన గన్ అనుకుని కాల్చారు. ఆ పిల్లవాడు చనిపోయాడు. దూరం నుంచి చూసేవారికి పెయింట్‌బాల్ గన్‌కూ, అసలు గన్‌కూ తేడా తెలియదు. అందుకే మిలిటరీ రైఫిల్‌లా కనిపించే నల్ల గన్ కంటే రంగురంగుల గన్ తీసుకోవడం నయం. ఆట అయిపోగానే గొట్టానికి బ్యారెల్ కవర్ తొడిగి, ట్యాంకు విప్పి, బ్యాగులో పెట్టి కారు డిక్కీలో ఉంచాలి. పార్కింగ్‌లో గన్ చేత్తో పట్టుకుని సెల్ఫీలు, రీల్స్ అసలే వద్దు.

అమెరికాలో విమానంలో తీసుకెళ్లాలంటే గన్‌ను చెక్-ఇన్ లగేజీలోనే పెట్టాలి. ట్యాంకుకు వాల్వ్ పూర్తిగా తీసేసి, లోపల ఖాళీగా ఉందని తనిఖీ సిబ్బందికి కనిపించేలా ఉండాలి. ఇండియాకు తెచ్చుకోవాలనుకునేవారు టికెట్ కొనక ముందే కస్టమ్స్‌ను, ఎయిర్‌లైన్స్‌ను, స్థానిక పోలీసులను అడిగి నిబంధనలు తెలుసుకోవాలి. ఎయిర్‌పోర్టులో దిగాక అడిగితే ఆలస్యమైపోతుంది.

కాబట్టి వరుస ఇలా పెట్టుకోవచ్చు. ముందు రెండు మూడు సార్లు అద్దెకు ఆడండి. తర్వాత మంచి మాస్క్ కొనండి. ఆ తర్వాతా షౌక్ తగ్గకపోతే ఒక సాదా మెకానికల్ గన్ తీసుకోండి. ఖరీదైన గన్‌లు షాపులో ఎప్పుడూ ఉంటాయి. కన్ను పోతే మాత్రం ఏ షాపులోనూ దొరకదు.