సేవాకాలం పెరిగితే నైపుణ్యం పెరుగుతుందా? విస్తరణ కార్యకర్తల శిక్షణపై ఒక పరిశీలన

వ్యవసాయ విస్తరణలో ‘అనుభవం’ అనే పదం రెండు వేర్వేరు విషయాలకు వాడుకలో ఉన్నది. మొదటిది ఉద్యోగి పనిచేసిన సంవత్సరాల సంఖ్య. రెండవది ఆ సంవత్సరాలలో అతని నిర్ణయశక్తి మెరుగుపడిన తీరు. మొదటిది సర్వీసు రిజిస్టరులో నమోదవుతుంది. రెండవది ఎక్కడా నమోదు కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయ వ్యవస్థ ప్రారంభమైంది. దానితో గ్రామస్థాయిలో వ్యవసాయ సహాయకుల వ్యవస్థ ఏర్పడింది. నాడు కొత్తగా చేరినవారు నేడు అనుభవజ్ఞులుగా పరిగణింపబడుతున్నారు. వారి సేవాకాలం ఏ మేరకు నైపుణ్యంగా మారినదో పరిశీలించడం అవసరం. ఎందుకంటే నేర్చుకొనేవారి పొరపాటుకు మూల్యం చెల్లించేది రైతు.

నిపుణతపై పరిశోధనలు

ఈ విషయంలో తొలి పాఠాలలో ఒకటి సస్యశాస్త్రం నుండే వచ్చింది. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో మొక్కజొన్న కంకులను చూసి శ్రేష్ఠతను నిర్ణయించే అనుభవజ్ఞులైన న్యాయనిర్ణేతలు ఉండేవారు. వారు కంకులకు ఇచ్చిన మార్కులను, ఆ కంకుల విత్తనం నుండి వచ్చిన దిగుబడులను హెన్రీ వాలెస్ 1923లో పోల్చి విశ్లేషించారు. న్యాయనిర్ణేతల అభిప్రాయాలు పరస్పరం బాగానే ఏకీభవించాయి గాని, వాస్తవ దిగుబడితో వాటి సంబంధం బలహీనంగా ఉన్నది. వారు కంకి పొడవుకు అధిక ప్రాధాన్యం ఇచ్చారు. పోటీలో మార్కులు వేయడంతో వారి పని ముగుస్తుంది. ఆ కంకి పొలంలో ఎంత పండిందో తెలుసుకొనే అవకాశం ఆ పనిలో లేదు. నిపుణుల మధ్య ఏకాభిప్రాయం వారి నిర్ణయం సరైనదనడానికి నిదర్శనం కాదని ఈ విశ్లేషణ తెలుపుతున్నది.

1993లో అండర్స్ ఎరిక్సన్, ఆయన సహ పరిశోధకులు సంగీత విద్యార్థులపై చేసిన అధ్యయనాన్ని ప్రచురించారు. లోపాన్ని గుర్తించి, దానిని సరిదిద్దుకొనే లక్ష్యంతో చేసే ఉద్దేశపూర్వక సాధన నిపుణతకు మూలమని వారు ప్రతిపాదించారు. 2009లో డేనియల్ కానమన్, గ్యారీ క్లైన్ సంయుక్తంగా రాసిన వ్యాసంలో, నిపుణుని సహజస్ఫురణను విశ్వసించడానికి రెండు షరతులను పేర్కొన్నారు. లక్షణానికీ ఫలితానికీ మధ్య స్థిరమైన సంబంధం ఉండాలి. ఆ సంబంధాన్ని నేర్చుకొనేందుకు తగినన్ని అవకాశాలు లభించాలి, నిర్ణయం తప్పో ఒప్పో తిరిగి తెలియాలి. ఇలా ఫలితం నిర్ణేతకు తిరిగి చేరడాన్నే ప్రతిపుష్టి అంటారు.

గొలుగొండ మండలంలో పరిస్థితి

అనకాపల్లి జిల్లా నర్సీపట్నం రెవెన్యూ డివిజన్‌లోని గొలుగొండ మండలం మైదానానికీ మన్యానికీ సరిహద్దున ఉన్నది. పల్లపు భూములలో వరి, చెరకు, కొండవాలులలో జీడిమామిడి ఈ ప్రాంతపు వ్యవసాయ స్వరూపం. పై రెండు షరతులను ఈ పంటలకు అన్వయిస్తే శిక్షణ సమస్య స్పష్టమవుతుంది.

చెరకులో ఎర్రకుళ్ళు తెగులు సోకిన గడను నిలువునా చీల్చితే లోపలి కణజాలం ఎర్రబారి, మధ్యమధ్య తెల్లని అడ్డచారలు కనిపిస్తాయి. పులిసిన వాసన వస్తుంది. ఇక్కడ ప్రతిపుష్టి తక్షణం లభిస్తుంది. అనుమానించిన ప్రతి గడనూ చీల్చి చూసే కార్యకర్త కొద్ది కాలంలోనే పైలక్షణాలను బట్టి గుర్తించగలుగుతాడు.

జీడిమామిడిలో పరిస్థితి వేరు. పూగుత్తులు ఎండిపోవడం టీ దోమ ఆశించినందువల్ల కావచ్చు, శిలీంధ్రం వల్ల కావచ్చు, దోమ చేసిన గాయాల ద్వారా శిలీంధ్రం ప్రవేశించినందువల్లా కావచ్చు. చెట్టు ఏడాదికి ఒక్కసారే పూతకు వస్తుంది. ఐదేళ్ళు పనిచేసిన సహాయకుడు చూసినవి ఐదు పూత కాలాలు మాత్రమే. సలహా ఇచ్చిన తోటకు తిరిగి వెళ్ళకపోతే ఆ ఐదింటి నుండి లభించే విద్య కూడా స్వల్పమే.

తప్పుదారి పట్టించే ఫలితం

ప్రతిపుష్టి లేకపోవడం కంటె ప్రమాదకరమైనది అసంపూర్ణ ప్రతిపుష్టి. వరిలో సుడిదోమ కనిపించినప్పుడు సింథటిక్ పైరిత్రాయిడ్ మందు పిచికారీ చేస్తే తొలి రోజులలో దోమ తగ్గినట్లు కనిపించవచ్చు. అయితే సాలీళ్ళు, మిరిడ్ నల్లులు వంటి మిత్రజీవులు నశించడం వల్ల తరువాతి వారాలలో దోమ మరింత ఉద్ధృతమవుతుంది. మూడవ రోజున మాత్రమే పొలం చూసిన కార్యకర్త మందు పనిచేసిందని నేర్చుకొంటాడు. మూడు వారాలకు దోమపోటుతో పైరు సుడులు సుడులుగా ఎండినప్పుడు దానిని కొత్త సమస్యగా భావిస్తాడు.

ఆకుముడత విషయంలో భ్రమ మరొక రూపం దాల్చుతుంది. తొలిదశలో ఆకులకు కలిగిన కొద్దిపాటి నష్టాన్ని వరి మొక్క కొత్త పిలకలు, ఆకులతో పూరించుకొంటుంది. మందు చల్లినా చల్లకపోయినా పైరు కోలుకొనేదే. మందు చల్లని భాగం లేనందున ఆ ఘనత మందుకే దక్కుతుంది.

పొలం బడి చూపిన మార్గం

ఇండోనేషియా ప్రభుత్వం 1986లో వరిపై 57 రకాల కీటకనాశని మందుల వాడకాన్ని నిషేధించింది. 1989లో ఆహార వ్యవసాయ సంస్థ సహకారంతో అక్కడ తొలి పొలం బడులు ప్రారంభమయ్యాయి. రైతులు పంటకాలమంతా వారం వారం పొలంలో కలిసి, పురుగులను లెక్కించి, మొక్క స్థితిని బొమ్మగా గీసి, ఆ వారానికి నిర్ణయం తీసుకొనేవారు. తరువాతి వారం ఆ నిర్ణయ ఫలితం వారి ఎదుటే ఉండేది. ఆకులను కొంతమేర కత్తిరించి మొక్క కోలుకొనే తీరును గమనించే ప్రయోగాలు కూడా అందులో భాగం. వీటిని నడిపే శిక్షకులు సైతం ముందుగా ఒక పూర్తి పంటకాలం స్వయంగా వరి పండించి నేర్చుకొన్నారు. తరగతి గదిలో రెండు రోజుల శిక్షణకూ దీనికీ గల భేదం కాలవ్యవధిలో కంటె, ఫలితం తిరిగి చేరడంలో ఉన్నది.

వియత్నాంలోని మెకాంగ్ డెల్టాలో 1994 నుండి జరిగిన ప్రచారం ఇదే సూత్రాన్ని మరింత సరళం చేసింది. నాటిన తొలి 40 రోజులలో ఆకుతినే పురుగులకు మందు అవసరమా అన్నది పొలంలో కొంత భాగం వదిలి స్వయంగా పరీక్షించుకోవాలని రైతులను కోరారు.

ఆచరణకు సూచనలు

మన రాష్ట్రంలో పొలం బడి కొత్త కాదు. దాని సూత్రాన్ని కార్యకర్త స్వీయశిక్షణకు వర్తింపజేయడమే మిగిలిన పని. ఇందుకు నాలుగు అంశాలు ఉపకరిస్తాయి.

ఒకటి, సలహా ఇచ్చిన రోజునే లక్షణం, నిర్ధారణ, దానికి ప్రత్యామ్నాయ కారణం, ఆశించే ఫలితం పుస్తకంలో వ్రాయాలి. ముందుగా వ్రాయని అంచనాను ఫలితం వచ్చాక మనస్సు తనకు అనుకూలంగా మార్చుకొంటుంది. రెండు, పురుగుల విషయంలో ఒక వారానికి, మరల మూడు వారాలకు అదే పొలాన్ని దర్శించాలి. మూడు, నష్ట తీవ్రత తక్కువగా ఉన్నప్పుడు రైతు అంగీకారంతో ఒక చిన్న మడిని మందు చల్లకుండా పోలిక కోసం వదలాలి. నాలుగు, నెలవారీ సమావేశాలలో సఫలమైన ప్రదర్శనలతో పాటు, అంచనా తప్పిన సందర్భాలను కూడా శాస్త్రవేత్తల సమక్షంలో చర్చించాలి. తప్పు చెప్పినవారికి మందలింపు ఎదురైతే మరుసటి నెల నుండి ఆ పుస్తకంలో ఒప్పులే కనిపిస్తాయి.

ఈ సూచనలకు పరిమితులు ఉన్నాయి. ఈ-పంట నమోదు, ఉత్పాదకాల పంపిణీ వంటి విధుల మధ్య ప్రతి పొలానికీ తిరిగి వెళ్ళడం సాధ్యం కాదు. కాబట్టి ఒక పంటకాలంలో ఒక పంట, ఒక సమస్య, కొద్ది పొలాలను ఎంచుకొని శ్రద్ధగా అనుసరించడం మేలు. గ్రామీణ వ్యవసాయ కార్యానుభవ కార్యక్రమంలో పల్లెలకు వెళ్ళే విద్యార్థులు కూడా ఈ అభ్యాసాన్ని అప్పుడే ప్రారంభించవచ్చును.

ముగింపు

దిగుబడిపై వర్షం, నేల, విత్తనం, యాజమాన్యం కలగలిసి ప్రభావం చూపుతాయి గనుక ఒక్క పొలం ఫలితం ఏ నిర్ణయాన్నీ పూర్తిగా నిరూపించదు. అయినను ఒకే అంచనాను అనేక పొలాలలో వ్రాసి సరిచూసుకొనే కార్యకర్తకు, చూసుకొనని కార్యకర్తకు మధ్య అంతరం ఏటేటా పెరుగుతుంది. శిక్షణ కార్యక్రమాల విజయాన్ని హాజరుతోనూ, శిక్షణానంతర పరీక్ష మార్కులతోనూ కొలిచే పద్ధతికి తోడుగా, శిక్షణ పొందినవారు తాము సలహా ఇచ్చిన ఎన్ని పొలాలకు తిరిగి వెళ్ళారో కూడా లెక్కించడం సముచితం.