అంగుళానికి అడుగు

మా పెద్దక్క భర్త, మా బావ, నాటకాలంటే ప్రాణం పెట్టే మనిషి. గుంటూరు, కృష్ణా జిల్లాల్లో ఎక్కడ పరిషత్తు పోటీలు జరిగినా ఒకప్పుడు బస్సెక్కి వెళ్ళిపోయేవారు. రెండేళ్ళప్పుడు పోలియో వచ్చింది. కాళ్ళకు క్యాలిపర్లు కట్టుకుని, చంకల్లో కర్రలు పెట్టుకుని నలభై ఏళ్ళకు పైగా నడిచారు. ఆ కర్రల మీద మోపిన బరువుకు భుజాలు అరిగిపోయాయి. చక్రాల కుర్చీకి మారారు. మారాక నాటకాలకు వెళ్ళడం తగ్గించేశారు. వయసు మీద పడిందేమో అనుకున్నాను.

కొన్నేళ్ళ కిందట ఒక ఊళ్ళో మూడు రోజుల నాటకోత్సవం జరిగితే పట్టుబట్టి తీసుకెళ్ళాను. వేసవి. మొదటి నాటకం సాయంత్రం ఆరున్నరకు. ఆ రోజు ఉదయం కాఫీ తాగాక బావ మళ్ళీ గుక్కెడు నీళ్ళు ముట్టలేదు. కార్లో సీసా అందిస్తే "దాహంగా లేదోయ్" అన్నారు.

గేటు దగ్గర ముచ్చటగా ఉంటుందని తెల్ల కంకర పరిచారు. కుర్చీ ముందు చక్రాలు అందులో కూరుకుపోయాయి. వెనక్కి తిప్పి, పెద్ద చక్రాల మీద లాక్కుంటూ దాటించాను. ఆ తరవాత జనరేటర్ నుంచి స్టేజీకి వెళ్ళే కేబుళ్ళు, బొటనవేలంత లావువి, నేల మీద అడ్డంగా పడి ఉన్నాయి. వాటినీ దాటాం. హాలు ముందు మూడు మెట్లు. మమ్మల్ని చూడగానే బ్యాడ్జీలు పెట్టుకున్న నలుగురు కుర్రాళ్ళు పరుగెత్తుకొచ్చారు. "మేమున్నాంగా అంకుల్, ఎత్తేస్తాం!"

మంచి పిల్లలు. తలా ఒక పక్క పట్టుకుని లేపారు. ఒకడు చక్రం ఊచలు పట్టుకున్నాడు. ఇంకొకడు పాదాలు ఆనించే పలక పట్టుకుంటే అది ఊడి చేతిలోకొచ్చింది. కుర్చీ గాల్లో ఒక పక్కకు ఒరిగింది. బావ రెండు చేతులూ బిగించి, కళ్ళు మూసుకుని కూర్చున్నారు. లోపలికి వెళ్తున్నవాళ్ళంతా ఆగి చూశారు. ఎవరో పెద్దావిడ "అయ్యో పాపం" అంది, ఆయనకు వినబడేలా. ఆ ఊళ్ళో ఆయన్ని నాటకాల గురించి సలహా అడిగేవాళ్ళు నలుగురైదుగురు ఉన్నారు. వాళ్ళూ అక్కడే నిలబడి చూస్తున్నారు.

లోపల కుర్చీ పెట్టడానికి చోటు లేదు. నడవలో పెడితే దారికి అడ్డమన్నారు. చివరికి గోడవార, స్తంభం పక్కన పెట్టించారు. అక్కడినుంచి స్టేజీ సగమే కనిపిస్తుంది. నన్ను ఏడో వరసలో కూర్చోమన్నారు. రెండో నాటకం అవగానే బావ సైగ చేసి "వెళ్దాం పద" అన్నారు. ఆ రాత్రికి అసలు చూడాల్సింది మూడోది. కార్లో చాలాసేపు మాట్లాడలేదు. ఊరు దాటాక చెప్పారు: ఆ హాలు మరుగుదొడ్డికి నాలుగు మెట్లు దిగాలి, తలుపు రెండడుగులే, కుర్చీ దూరదు. అది ఆయనకు ముందే తెలుసు. నీళ్ళు తాగకపోవడానికి కారణం అదే. నాటకాలకు వెళ్ళడం మానుకోవడానికీ అదే.

అప్పటినుంచి కళల ఉత్సవం ఎక్కడ జరిగినా నా చూపు ముందు నేల మీదికే పోతోంది. ఆ కుర్రాళ్ళ మాట కూడా చెవిలో తిరుగుతూనే ఉంటుంది. "మేమున్నాంగా." మన దగ్గర చేయి అందించేవాళ్ళకు కొదవ లేదు. కానీ ఎత్తి తీసుకెళ్ళే సాయానికి ప్రతిసారీ అడగాలి, ప్రతిసారీ మొహమాటపడాలి, ప్రతిసారీ కృతజ్ఞతలు చెప్పాలి. మధ్యలో బయటికి వెళ్ళాలనిపిస్తే మళ్ళీ నలుగుర్ని వెతకాలి. మోటారు కుర్చీ అయితే నలుగురి వల్లా కాదు. వాలుబల్ల ఒకటి ఉంటే మనిషి తనంతట తాను వస్తాడు, నచ్చకపోతే తనంతట తాను వెళ్ళిపోతాడు. నాటకం నచ్చక మధ్యలో వెళ్ళిపోయే హక్కు కూడా ప్రేక్షకుడి హక్కే కదా.

వాలుకు లెక్క ఉంది. 2021లో కేంద్రం విడుదల చేసిన మార్గదర్శకాలు ర్యాంపు వాలు ఒకటికి పన్నెండు మించకూడదంటున్నాయి. మన కొలతల్లో ఇది చాలా తేలిక: అంగుళం ఎత్తుకు అడుగు దూరం. ఆరేసి అంగుళాల మెట్లు మూడుంటే పద్ధెనిమిది అంగుళాలు, అంటే పద్ధెనిమిది అడుగుల ర్యాంపు. చాలాచోట్ల ఆ ఎత్తుకు ఐదారడుగుల సిమెంటు పోసి "ర్యాంపు ఉంది" అని కాగితం మీద రాసుకుంటారు. దాని మీద ఎక్కబోతే కుర్చీ వెనక్కి తిరగబడుతుంది, దిగబోతే మనిషి ముందుకు పడతాడు. కళ్ళజోడు కావాలన్నవాడికి ఎవరిదో అద్దాల జోడు తెచ్చి పెట్టినట్టుంటుంది. ర్యాంపు వెడల్పు కనీసం 1,200 మిల్లీమీటర్లు ఉండాలి, తలుపు 900 ఉండాలి, కుర్చీ గుండ్రంగా తిరగడానికి 1,500 మిల్లీమీటర్ల చోటుండాలి. నాలుగడుగులు, మూడడుగులు, ఐదడుగులు. ఏ తాపీమేస్త్రీకైనా అరచేతి మీద రాసిస్తే చాలు.

2011 జనగణన లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2.68 కోట్ల మంది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 22.66 లక్షలు. అప్పటికి చట్టం గుర్తించిన వైకల్యాలు ఏడే. 2016 వికలాంగుల హక్కుల చట్టం వాటిని 21కి పెంచింది. ఆ చట్టం ఉద్యోగం, చదువు, పింఛను దగ్గరే ఆగలేదు. 29వ సెక్షన్ సాంస్కృతిక జీవితం గురించే మాట్లాడుతుంది. కళను అందరికీ అందుబాటులోకి తేవడం, వైకల్యమున్న కళాకారులకూ రచయితలకూ చేయూతనివ్వడం ప్రభుత్వాల బాధ్యతని చెబుతుంది. జనం వినోదానికీ సాంస్కృతిక కార్యక్రమాలకీ వచ్చే భవనం ప్రైవేటుదైనా సరే, ఆ చట్టం దృష్టిలో ప్రజాభవనమే. పాత ప్రజాభవనాలు మారడానికి, నిబంధనలు వచ్చిన 2017 జూన్ నుంచి ఐదేళ్ళ గడువిచ్చారు. అది 2022లోనే దాటిపోయింది.

గడువు దాటినా ఏమీ కాకపోవడానికి కారణం నిబంధనల్లోనే ఉందని తేల్చింది మన హైదరాబాద్ నుంచి వెళ్ళిన నివేదికే. చూపు లేని రాజీవ్ రతూరి 2005లో సుప్రీంకోర్టులో వేసిన కేసులో, దేశంలో పరిస్థితి ఎలా ఉందో చూసి చెప్పమని కోర్టు నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని వైకల్య అధ్యయన కేంద్రాన్ని అడిగింది. చట్టం తప్పనిసరి అన్నదాన్ని నిబంధన సలహాగా మార్చేసిందని ఆ నివేదిక తేటతెల్లం చేసింది. 2024 నవంబరు 8న కోర్టు ఆ నిబంధన చట్టానికి విరుద్ధమని చెప్పి, మూడు నెలల్లో తప్పనిసరి ప్రమాణాలు రూపొందించమని కేంద్రాన్ని ఆదేశించింది. కేసు వేసిన పంతొమ్మిదేళ్ళకు.

పాత భవనం సంగతి కొంత అర్థం చేసుకోగలను. గోడలు పగలగొట్టాలి, డబ్బు కావాలి, అనుమతులు కావాలి. ఉత్సవానికి ఆ ఇబ్బంది లేదు. ఉత్సవమంటే ఏటా కొత్తగా కట్టే ఊరు. ఖాళీ మైదానంలో మూడు రోజుల్లో ఇనుప ఫ్రేములు, చెక్కబల్లలు, షామియానాలు, తివాచీలు, లైట్లు లేస్తాయి. నాలుగో రోజు ఏమీ మిగలదు. కిందటేడు చేసిన తప్పు గోడలా నిలబడి ఉండదు. ఈ ఏడు మెట్టు ఉందంటే ఈ ఏడే ఎవరో పెట్టారన్నమాట. అందుకే శాశ్వత భవనాల కన్నా ఉత్సవ నిర్వాహకుల మీదే నాకు ఆశ ఎక్కువ, కోపమూ ఎక్కువే.

ఇంగ్లండులో సోమర్సెట్ పల్లెటూళ్ళలో వర్దీ ఫార్మ్ అని ఒక పాడి రైతు పొలం ఉంది. అక్కడ 1970 నుంచి గ్లాస్టన్‌బరీ సంగీతోత్సవం జరుగుతోంది. రెండు లక్షల మందికి పైగా వస్తారు. వానొస్తే మోకాలి లోతు బురద. అలాంటి ఆవుల మేతబీడులో చక్రాల కుర్చీల కోసం జనం తలలకు పైన కనబడేలా ఎత్తు వేదికలు కడతారు. వికలాంగులు బస చేయడానికి వేరే గుడారాల చోటు, కుర్చీల బ్యాటరీలకు చార్జింగ్, పాటలను సైగల భాషలోకి మార్చి చెప్పేవాళ్ళు ఉంటారు. ఎడిన్‌బరాలో 1947లో మొదలైన ఫ్రింజ్ ఉత్సవం సంగతి ఇంకో రకం. ఆ పాత ఊరంతా ఏటవాలు సందులు, రాళ్ళు పరిచిన వీధులు, నేలమాళిగలు. ప్రతి హాలునూ మార్చడం వాళ్ళ వల్ల కూడా కాలేదు. చేసిందేమిటంటే, ఏ ప్రదర్శనకు కుర్చీ వెళ్తుంది, ఎక్కడ మెట్లున్నాయి, దేనికి సైగల భాష ఉంది అన్నది టికెట్ కొనే చోటే రాస్తారు. తోడు లేకుండా రాలేనివారికి ఆ తోడు వచ్చే మనిషి టికెట్ ఉచితం. మన ఆహ్వానపత్రికలో "హాలుకు మూడు మెట్లున్నాయి, వెనక గేటు దగ్గర ర్యాంపు ఉంది" అన్న ఒక్క వాక్యం వేస్తే పైసా ఖర్చు లేదు. అది చదివినవాడు ఇంటి దగ్గరే నిర్ణయం తీసుకోగలడు.

మెట్ల గొడవ ఇంతసేపు చెప్పాను కానీ, లోపలికి వెళ్ళినంత మాత్రాన కళ అందినట్టు కాదు. సురభివాళ్ళ మాయాబజారు గుర్తు చేసుకోండి. ఏదో ఒక మాయ జరుగుతుంది, హాలంతా ఒక్కసారిగా "ఆఁ" అంటుంది. చూపు లేని ప్రేక్షకుడికి ఆ "ఆఁ" ఒక్కటే చేరుతుంది. పక్కవాళ్ళను అడగబోతే ముందు వరసవాళ్ళు "ష్" అంటారు. వాషింగ్టన్‌లోని అరీనా స్టేజ్ నాటకశాల 1981లో దీనికి ఒక దారి వెతికింది. చూపు లేని మార్గరెట్ రాక్‌వెల్ అనే ఆవిడ సాయంతో, స్టేజీ మీద జరుగుతున్నది సంభాషణల మధ్య ఖాళీల్లో క్లుప్తంగా చెప్పించి, కావలసినవాళ్ళ చెవిలోకి చేరవేశారు. కూచిపూడి తరంగానికి ఇలాంటి మాట ఎంత అవసరమో ఆలోచించాను. ఇత్తడి పళ్ళెం అంచు నేలను రాసుకునే చప్పుడు వినబడుతుంది. పాదాలు ఆ అంచు మీదే ఉన్నాయని, పళ్ళెంతో సహా ఆమె ముందుకు జరుగుతోందని ఎవరో చెప్పాలి. రెండు వాక్యాలు చాలు.

తాకనిస్తే ఇంకా మేలు. ఢిల్లీ జాతీయ మ్యూజియంలో "అనుభవ్" అనే విభాగంలో శిల్పాల ప్రతిరూపాలను చేత్తో తడిమి తెలుసుకోవచ్చు. మన ఉత్సవాల్లో నాటకానికి అరగంట ముందు సత్యభామ జడను, కిరీటాన్ని, గదను చేతికి అందించడానికి అడ్డమేముంది? నిమ్మలకుంట తోలుబొమ్మలైతే ఇందుకే పుట్టాయేమో అనిపిస్తుంది. దీపం వెలుతురు దూరి నగలు మెరవాలని తోలుకు సన్నని రంధ్రాలు కొడతారు. ఆ రంధ్రాల వరసలను వేలితో తడిమితే వడ్డాణం ఎక్కడుందో, హారం ఎన్ని పేటలో తెలుస్తుంది. కంటి కోసం చేసిన పనితనం వేలికీ అందుతుంది.

వినబడనివాళ్ళ విషయంలో నాటకం వాళ్ళకొక అదృష్టం ఉంది: స్క్రిప్టు ముందే సిద్ధంగా ఉంటుంది. స్టేజీ పక్కన చిన్న తెర, ప్రొజెక్టర్, డైలాగులు తెలిసిన ఒక మనిషి ఉంటే తెలుగు అక్షరాలు నడుస్తాయి. సైగల భాషలో చెప్పే మనిషిని పెట్టినప్పుడు ఒక్కటి మరిచిపోతుంటారు. నాటకంలో చీకటి పడగానే ఆ మనిషి మీద లైటు కూడా ఆరిపోతుంది. చీకట్లో చేతులెలా కనబడతాయి? లైట్‌బాయ్‌కి ముందే చెప్పాలి.

పద్యనాటకాల హాళ్ళు రాకముందు వీధి భాగవతం, తోలుబొమ్మలాట ఊరి మధ్య నేల మీదే ఆడేవి. చాప పరుచుకుని పడుకుని చూసినవాళ్ళున్నారు, మధ్యలో లేచి ఇంటికెళ్ళి మళ్ళీ వచ్చినవాళ్ళున్నారు, పిల్లలు ఏడ్చినా ఆట ఆగేది కాదు. చప్పుడుకు, చీకటికి బెదిరే ఆటిజం పిల్లల కోసం ఇప్పుడు కొన్ని దేశాల్లో లైట్లు పూర్తిగా ఆర్పకుండా, శబ్దం తగ్గించి, వచ్చిపోయే స్వేచ్ఛతో ప్రత్యేక ప్రదర్శనలు వేస్తున్నారు. అది చదివినప్పుడు మా ఊరి రచ్చబండే కళ్ళ ముందు మెదిలింది. ఆ రచ్చబండ దగ్గర అందరికీ సమానమైన చోటు దొరికిందని చెప్పలేను, కులం అక్కడా గీతలు గీసింది. మెట్లు మాత్రం లేవు.

ఇంకో మాట. ర్యాంపు ఉన్న చోట్లలో కూడా అది ప్రేక్షకుల వైపే ఉంటుంది. స్టేజీ మీదికి ఉండదు. వికలాంగుడు చూడటానికే వస్తాడని, ఆడటానికో అవార్డు అందుకోవడానికో రాడని ముందే అనుకున్నాం. 1981లో జరిగిన ప్రమాదం తరవాత కాలు కోల్పోయిన నర్తకి సుధాచంద్రన్ జైపూర్ కాలు పెట్టుకుని మళ్ళీ నాట్యం చేసింది. 1985లో సింగీతం శ్రీనివాసరావు ఆ కథనే ఆమెతోనే "మయూరి"గా తీస్తే తెలుగువాళ్ళు గుండెలకు హత్తుకున్నారు. ఆ సినిమాను అంతగా ప్రేమించినవాళ్ళం స్టేజీ పక్కన వాలుబల్ల వేయడం ఎందుకు మరిచిపోయామో నాకు బోధపడదు.

కిందటేడు ఇంకో ఊళ్ళో, స్కూలు మైదానంలో జరిగే ఉత్సవానికి నన్నూ కమిటీలో వేశారు. షామియానా సప్లయర్‌ని పిలిపించి స్టేజీకి ర్యాంపు కావాలన్నాను. "ఎంత ఎత్తండీ?" "ముప్ఫై అంగుళాలు." "ఎంత పొడుగు?" అంగుళానికి అడుగు అని చెప్పాను. ఆయన మైదానం వంక చూసి, సూటిగా ముప్ఫై అడుగులు వేస్తే వంటపాకకు అడ్డమొస్తుందని, మధ్యలో చదును పలక వేసి మలుపు తిప్పుదామని తనే అన్నాడు. స్టేజీకి వాడే ఫ్రేములు, స్టేజీకి వాడే బల్లలే. రెండు పక్కలా పట్టుకోవడానికి పైపులు బిగించాడు. ఎర్ర తివాచీ వదులుగా ఉంటే చక్రాల కింద ముడుచుకుంటుందని లాగి మేకులు కొట్టించాడు. కేబుళ్ళు గోతిలో వేసి కప్పించాం. మూడో వరసలో నాలుగు కుర్చీలు తీసేసి ఖాళీ ఉంచాం, పక్కన తోడు వచ్చినవాళ్ళకు కుర్చీలు వేశాం.

బావ వచ్చారు. గేటు నుంచి మూడో వరస దాకా చక్రాలు తనే తిప్పుకుంటూ వెళ్ళారు. రెండో రోజు ఆయన్ని నాటకాల మీద మాట్లాడమంటే స్టేజీ మీదికీ అలాగే ఎక్కారు. నేను పొంగిపోయి విరామంలో టీ గ్లాసు తెచ్చి చేతిలో పెట్టాను. తీసుకోలేదు. "అటు చూశావా?" అన్నారు.

మైదానం చివర అద్దెకు తెచ్చిన మొబైల్ టాయిలెట్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి. వికలాంగులకని అడిగి మరీ ఒక వెడల్పు తలుపుది తెప్పించాం. తలుపు ముందు మెట్టు ఒకటి ఉంది. వారం రోజులుగా రోజూ ఆ మైదానంలో తిరిగినవాణ్ణి, నేను చూడలేదు.

షామియానా ఆయన మా వెనకే వచ్చి వంగి, మెట్టుకు చేయి ఆనించి కొలిచాడు. జానెడు.

"తొమ్మిదడుగులు," అన్నారు బావ.

ఆయన అప్పటికే రెండు బల్లల కోసం కుర్రాణ్ణి కేకేస్తున్నాడు. బావ నా చేతిలో టీ గ్లాసు వంక చూసి, "అది చల్లారిపోయుంటుంది. బల్లలు పడ్డాక ఇంకోటి తీసుకురా," అన్నారు.