తొందరపడితే తెరుచుకోదు!

పెళ్లికానుకగా ఓ పెట్టె వచ్చింది. తాళంచెవి లేదు. బటన్ నొక్కితే గమ్యం ఇంకా ఎన్ని కిలోమీటర్లో చెబుతుందంతే. ఏ దిక్కో చెప్పదు. పైగా నొక్కే ఛాన్సులు 50 మాత్రమే! మీరైతే ఏం చేస్తారు?

జీపీఎస్ సాయంతో ఎవరో దాచిన డబ్బాను వెతికే ఆట జియోక్యాషింగ్. 2000 మేలో అమెరికాలోని ఆరెగన్‌లో మొదలైంది. మైకల్ హార్ట్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ దాన్ని తిరగేశాడు. డబ్బా చేతికిచ్చి, అది తెరుచుకునే చోటును వెతకమన్నాడు. 2009లో ఫ్రాన్స్‌లోని స్నేహితుడికి ఇలా పంపిన పెట్టె బ్రిటనీ తీరంలోని బ్రెహా దీవిలోనే తెరుచుకుంటుంది.

ఊరికే నొక్కుతూ పోతే ఛాన్సులన్నీ ఖర్చు. మరి కిటుకేంటి? బటన్ చూపిన దూరమే వ్యాసార్ధంగా మ్యాపుపై వృత్తం గీయాలి. మరో రెండు చోట్ల కూడా అలాగే చేస్తే, మూడు వృత్తాలూ కలిసే చోటే గమ్యం.

లోపలున్నవి ఆర్డ్వినో బోర్డు, జీపీఎస్ మాడ్యూల్, గడియ తీసే చిన్న సర్వో మోటార్. ఇంజినీరింగ్ విద్యార్థులు ప్రాజెక్టుగా చేసుకోగలిగినవే. హార్ట్ రాసిన టైనీజీపీఎస్ లైబ్రరీ ఉచితం. కొనుక్కొచ్చిన ప్రాజెక్టయితే ‘సిగ్నల్ అందకపోతే ఏమవుతుంది?’ అన్న ఒక్క ప్రశ్నకే నోరు పెగలదు. సొంతంగా చేస్తే ఆ తడబాటు ఉండదు.

ఉద్యోగ వేటా ఈ పెట్టె లాంటిదే. రిజెక్ట్ అయిన ప్రతిసారీ అదే రెజ్యూమెను ఇంకో పది కంపెనీలకు పంపడమంటే ఊరికే బటన్ నొక్కడమే. ఆప్టిట్యూడ్‌లో ఆగారా, కోడింగ్‌లోనా, హెచ్‌ఆర్ రౌండ్‌లోనా? రాసుకోండి. మూడు ఇంటర్వ్యూల తర్వాత ఆ కాగితం చూడండి. ఎక్కడ పని చేయాలో మీకే తెలుస్తుంది. తర్వాతి బటన్ అప్పుడు నొక్కండి!